మడమ సూదికి ముందు: పసికందుకు పాట వినిపించాలంటే జాగ్రత్తలు

రక్తపరీక్షకు మడమ గుచ్చేటప్పుడు మెత్తని పాట బిడ్డకు కొంత ఊరటనిస్తుంది, అంతే. తల్లిపాలు పట్టడం, తల్లి గుండెకు ఆనించుకోవడం, లేదా డాక్టరు చెప్పిన మోతాదులో 24 శాతం సుక్రోజ్ (చక్కెర ద్రావణం) చుక్కలు సూదికి 2 నిమిషాల ముందు నాలుక మీద వేయడం మానకూడదు.

• ముందు గది చప్పుడు చూడండి. నవజాత శిశువుల ఐసీయూలో 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా శిశువైద్యుల అకాడమీ సూచన. మాటలు, తలుపుల మోతతోనే అది దాటుతుంటే పాట మరో రొద అవుతుంది. వాటిని తగ్గించండి, అలారాలు మాత్రం ఆపొద్దు.

• శబ్దాన్ని బిడ్డ చెవి దగ్గర మీటరుతో కొలవండి. ఫోన్ యాప్ అంకె ఉజ్జాయింపే. ఇంక్యుబేటర్‌లో స్పీకర్ పెడితే గోడలకు తగిలి మోత పెరుగుతుంది. ఇయర్‌ఫోన్లు అసలే వద్దు.

• ఫోన్‌తో వినిపిస్తే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మధ్యలో రింగ్ మోగితే బిడ్డ ఉలిక్కిపడుతుంది, కాలు కదులుతుంది, మళ్లీ గుచ్చాల్సి వస్తుంది.

• ఒకే గొంతు, నిదానమైన లయ చాలు. తల్లి మెల్లగా కూనిరాగం తీసినా సరిపోతుంది. డప్పులు, హఠాత్తుగా పెరిగే స్వరాలు వద్దు.

• సూదికి కొన్ని నిమిషాల ముందే మొదలుపెట్టి, కట్టు వేశాకా కాసేపు ఉంచండి.

• వేళ్లు విచ్చుకోవడం, వరుస ఎక్కిళ్లు, ముఖం తిప్పేసుకోవడం, రక్తంలో ఆక్సిజన్ స్థాయి పడిపోవడం కనిపిస్తే వెంటనే ఆపండి. నెలలు నిండని బిడ్డల్లో ఇవి త్వరగా వస్తాయి.