వైర్‌లెస్ శక్తి లెక్కలు, 4వ పాఠం: బిట్లు లేని వేళ కరెంటు ఎటు పోతోంది?

ఒక బేస్ స్టేషన్ (ఫోన్లకి సిగ్నల్ పంపే టవరు పరికరం) రెండు గంటల్లో సగటున బిట్‌కి ఎంత శక్తి ఖర్చు చేస్తుందో తేల్చమని మూడో పాఠం చివర లెక్క ఇచ్చాను. దానికి ఎక్కువ మంది రాసిన జవాబు బిట్‌కి 409 మైక్రోజౌళ్లు. సరైన జవాబు 41.9. గుణకారాలన్నీ బాగానే ఉన్నాయి, చివర్లో సగటు తీసిన పద్ధతి దగ్గర లెక్క చెడింది. ఇది తేలకుండా బేస్ స్టేషన్‌ని నిద్రపుచ్చే లెక్కలు మొదలుపెట్టి లాభం లేదు కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

ఐరోపాలో 2010–12 మధ్య నడిచిన ఎర్త్ ప్రాజెక్టు మ్యాక్రో బేస్ స్టేషన్‌కి ఇచ్చిన నమూనానే వాడుతున్నాం. ఆరు ట్రాన్సీవర్లు (సంకేతాలు పంపి, అందుకునే భాగాలు). ఒక్కోటీ ఏమీ ప్రసారం చేయకపోయినా 130 వాట్లు లాగుతుంది. ప్రసారం చేసే ప్రతి వాటుకీ అదనంగా 4.7 వాట్లు తింటుంది. గరిష్ఠ ప్రసారం 20 వాట్లు, నిద్రలో ఖర్చు 75 వాట్లు. ఇవి పాత తరం పరికరాల అంకెలు. మీ దగ్గర కొత్తవి ఉంటే అవే పెట్టుకోండి, పద్ధతి మారదు.

మొదటి గంట: పూర్తి లోడు, సగటున సెకనుకి 50 మెగాబిట్లు. ఖర్చు 780 + 564 = 1344 వాట్లు, అంటే బిట్‌కి 26.9 మైక్రోజౌళ్లు. రెండో గంట: 2 శాతం లోడు, సెకనుకి 1 మెగాబిట్. ఖర్చు 791.3 వాట్లు, బిట్‌కి 791.3 మైక్రోజౌళ్లు.

ఈ రెండూ కూడి రెండుతో భాగించారు. అక్కడే పప్పులో కాలేశారు. మొదటి గంటలో నడిచిన బిట్లు రెండో గంటకి యాభై రెట్లు, అలాంటప్పుడు రెండు గంటలకీ సమాన ఓటు ఎలా ఇస్తాం? మొత్తం శక్తిని మొత్తం బిట్లతో భాగించాలి: (1344 + 791.3) ÷ 51 = 41.9. బౌలర్ ఒక మ్యాచ్‌లో 10 ఓవర్లకి 40 పరుగులు, ఇంకో మ్యాచ్‌లో 1 ఓవర్‌కి 20 ఇస్తే అతని ఎకానమీ 12 అని ఎవరూ అనరు, 60 ÷ 11 = 5.45 అంటారు. ఇదీ అంతే.

ఇంకా అనుమానంగా ఉంటే రెండో గంటలో ఒక్క బిట్టూ రాలేదనుకోండి. మీ పద్ధతిలో ఆ గంట విలువ అనంతం, దాంతో రోజు సగటూ అనంతమే. మొత్తాల పద్ధతిలో (1344 + 780) ÷ 50 = 42.5. ఖాళీ గంట వస్తే కూలిపోయే కొలతని ఏ పరిశోధనలోనూ వాడకండి.

సరైన పద్ధతిలో తీసినా, బిట్‌కి ఇన్ని జౌళ్లు అన్న అంకె ఒక్కటే చాలదు. రెండో గంటలో ట్రాఫిక్ రెట్టింపైతే ఈ అంకె సగానికి దగ్గరగా పడిపోతుంది, కరెంటు మీటరు మాత్రం మరో 11 వాట్లు పైకే వెళ్తుంది. ఏ సిస్టమ్‌కైనా ఈ అంకె పక్కన రోజు మొత్తం కిలోవాట్ అవర్లు కూడా రాయండి. 2023లో ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంఘం) ఆమోదించిన 6జీ చట్రం ఐఎంటీ-2030, సుస్థిరతని 6జీ ప్రయోజనాలన్నిటికీ వర్తించే అంశంగా పెట్టింది. అది నిలబడేది మీటరు దగ్గర తేలే లెక్కతోనే.

ఇక నిద్ర. రెండో గంటలోని 2 శాతం లోడుని గంటంతా పలచగా పరచకుండా, పదో వంతు సమయంలోకి కుదించి 20 శాతం లోడుతో పంపండి. మిగతా 90 శాతం సమయం నిద్ర. సగటు ఖర్చు 0.1 × 892.8 + 0.9 × 450 = 494.3 వాట్లు. 297 వాట్లు మిగిలాయి కదా అని ఇక్కడే ఆగిపోవద్దు. పడుకుని లేవడానికీ శక్తి కావాలి. ప్రతి విడతకీ (ఒక మేలుకువ, ఒక నిద్ర కలిపి) అది 6.6 జౌళ్లు అనుకుందాం. 6.6 ÷ 297 = 22.2 మిల్లీసెకన్లు. విడత అంతకన్నా పొట్టిదైతే నిద్ర నష్టమే.

ఈ అంకెకి ప్రాణం ఇక్కడుంది. ఎల్‌టీఈ (4జీ) రిఫరెన్స్ సంకేతాలు ప్రతి మిల్లీసెకనులోనూ పంపాల్సిందే, కాబట్టి అందులో ఈ నిద్రకి చోటే లేదు. 5జీలో ఎస్‌ఎస్‌బీ సంకేతం (ఫోన్లు సెల్‌ని గుర్తుపట్టడానికి స్టేషన్ పంపేది) 5 నుంచి 160 మిల్లీసెకన్ల దాకా ఎడం పెట్టుకోవచ్చు. ఆ ఎడమే మన విడత. 20 పెడితే ఖర్చు 824 వాట్లు, అంటే మేలుకుని ఉన్నప్పటి కన్నా ఎక్కువ. 160 పెడితే 535.5 వాట్లు. అయితే మొదటిసారి సెల్ వెతుక్కునే ఫోన్ 20 మిల్లీసెకన్ల ఎడమే ఉంటుందన్న నమ్మకంతో వెతుకుతుంది. ఎడం 160 అయితే దానికి సెల్ కనబడకపోవచ్చు. డేటా ప్యాకెట్ కూడా 144 మిల్లీసెకన్ల దాకా ఆగాల్సి రావచ్చు, వాయిస్ కాల్‌కి అది పనికిరాదు.

అందుకే అడిగినప్పుడే సంకేతం పంపే పద్ధతుల మీద ఇంత పని జరుగుతోంది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ 18వ విడుదలలో సెల్ తన నిద్రవేళలు ఫోన్లకి ముందే చెప్పే ఏర్పాటు వచ్చింది. 19వ విడుదల ఎస్‌ఎస్‌బీని అవసరాన్ని బట్టి పంపే దారి పట్టింది. కొత్తగా పరిశోధనకి దిగేవాళ్లకి నా సలహా: తెలివైన ఉపరితలాల (రేడియో తరంగాలని కావలసిన వైపుకి తిప్పే పలకలు) కన్నా ముందు ఈ దారి చూడండి. ఖాళీ సమయంలో పోయే శక్తే పెద్ద వాటా.

ట్రాఫిక్‌ని అంచనా వేసి నిద్రపుచ్చే ఏఐ సంగతి. నమూనా నడిపే సర్వర్ రోజంతా 400 వాట్లు లాగితే 9600 వాట్ అవర్లు. ఒక స్టేషన్ రాత్రి ఆరు గంటలు పైన చెప్పిన 160 మిల్లీసెకన్ల ఎడంతో నిద్రపోతే మిగిలేది 1535. కనీసం ఏడు స్టేషన్లు చూసుకుంటే తప్ప సర్వర్ తన తిండి తాను సంపాదించుకోదు. అసలు పోలిక దీనితో కూడా కాదు. రోజూ ఒకే వేళకి నిద్రపుచ్చే మామూలు టైమ్‌టేబుల్ ఇందులో 80 శాతం మిగిల్చిందనుకోండి. అప్పుడు ఏఐ ఘనత ఒక్కో స్టేషన్‌కి 307 వాట్ అవర్లే, కావలసిన స్టేషన్లు 32. ఏ పద్ధతినైనా టైమ్‌టేబుల్‌తో పోల్చండి, ఎప్పుడూ మేలుకుని ఉండే స్టేషన్‌తో కాదు.

అభ్యాసం. ఈసారి పెద్దదే, స్ప్రెడ్‌షీట్‌లో చేయండి. రోజులో 6 గంటలు 2 శాతం, 4 గంటలు 20, 8 గంటలు 50, 6 గంటలు 80 శాతం లోడు. పూర్తి లోడుకి సెకనుకి 50 మెగాబిట్లు, మిగతావి ఆ నిష్పత్తిలోనే. నిద్ర లేకుండా రోజు ఖర్చు 24.2 కిలోవాట్ అవర్లు, బిట్‌కి 49.8 మైక్రోజౌళ్లు రావాలి. రాకపోతే ముందుకి వెళ్లొద్దు. వచ్చాక 2 శాతం గంటలకి నిద్ర చేర్చి 20, 40, 80, 160 మిల్లీసెకన్లకి విడివిడిగా లెక్కించండి. తర్వాత 6.6 జౌళ్లని 20 చేసి, ఈ నాలుగింటిలో నిద్ర లాభమిచ్చే అతి చిన్న ఎడం ఏదో చెప్పండి. ఆ 20 శాతం గంటల్లో కూడా నిద్రపుచ్చొచ్చా? పుచ్చితే కుదించిన లోడు ఎంతకి చేరుతుంది? ఐదో పాఠం ఆ అంకెతో మొదలవుతుంది.