ఏ రంగంలో ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకోవడం ఎలా?

ఒంగోలులో చిన్న ఫ్యాక్టరీ షెడ్డు వేయాలన్నా, పిల్లాణ్ణి ఏ కోర్సులో చేర్చాలన్నా ముందు కేంద్రం చేసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వే (ఎంతమంది ఏ పనిలో ఉన్నారో ఇంటింటికీ వెళ్లి అడిగే కార్మిక సర్వే) చూడండి. 2023-24లో దేశంలో పనిచేసేవాళ్లలో దాదాపు 46 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు. ఫ్యాక్టరీలకైతే ఏఎస్‌ఐ, అంటే పరిశ్రమల వార్షిక సర్వే. కాకపోతే కరెంటు వాడితే కనీసం 10 మంది, వాడకపోతే కనీసం 20 మంది ఉన్న యూనిట్లే అందులో ప్రధానంగా ఉంటూ వచ్చాయి, మన వీధి చివర వెల్డింగ్ షాపు దొరకదు.

పీఎఫ్‌లో కొత్తగా చేరినవాళ్ల అంకెలు చూసి అన్నీ కొత్త ఉద్యోగాలే అని సంబరపడిపోకండి. నెల్లూరు వైపు 19 మందితో నడిచే రొయ్యల ప్లాంటులో ఇంకొకరు చేరితే 20 మందై పీఎఫ్ చట్టం వర్తిస్తుంది, దాంతో పాతవాళ్లు కూడా కొత్తగా లెక్కకెక్కొచ్చు.

అసలు తిరకాసు ఎన్‌ఐసీ కోడ్‌తోనే (ఏ పని ఏ రంగం కిందకొస్తుందో చెప్పే ప్రభుత్వ నంబరు): చీమకుర్తి క్వారీలో రాయి తీస్తే 0810, అది గనుల కింద, అదే రాయిని కోసి పాలిష్ పెడితే 2396, తయారీ రంగం.