దాణా నిజంగా పనిచేస్తోందా? మీ గొర్రెల మందలోనే తేల్చుకోండి

లడాఖ్‌లోని లేహ్‌లో దాదాపు 11,500 అడుగుల ఎత్తున డీఆర్‌డీవో పరిశోధన కేంద్రం ఒకటి ఉంది, డిహార్ అంటారు. మైదానం సాగు పద్ధతులు ఆ చలిలో నడవవు కాబట్టి, నేలలో గొయ్యి తవ్వి పైన పాలిథిన్ కప్పి చలికాలంలో కూడా ఆకుకూరలు పండించడం లాంటివన్నీ వాళ్లు అక్కడే పెంచి, చూసి తేల్చుకున్నారు. మన పాలమూరు ఎండకూ, బీడు మేతకూ ఏది పనికొస్తుందో కూడా ఇక్కడే చూసుకోవాలి.

రెండేళ్ల కింద దుకాణంలో చెప్పిన దాణా తెచ్చి మంద మొత్తానికి వేశాను. పిల్లలు బాగానే పెరిగాయి, కానీ ఆ ఏడు వానలూ బాగా పడ్డాయి. దాణాతో పెరిగాయా, పచ్చిగడ్డితోనా? ఇప్పటికీ నాకు తెలియదు.

అందుకే ఇలా చేయండి. ఒకే ఈడు పొట్టేలు పిల్లలు ఇరవై తీసుకుని, అన్నిటికీ ఒకే రోజు బరువును బట్టి నట్టల మందు తాపండి, టీకాలు ఏవైనా మిగిలితే ముందే వేయించండి. వారం తర్వాత పొద్దున్నే, మేతకూ నీళ్లకూ వదలకముందు, గోనె సంచి జోలెలో పెట్టి వేలాడే కాంటాతో తూచండి. కడుపు నిండిన పిల్ల కిలో దాకా ఎక్కువ తూగుతుంది, ఇక్కడ తప్పితే మిగతా లెక్కంతా తప్పే. దగ్గర దగ్గర బరువున్నవాటిని జత కట్టి, ఏ పిల్లకు దాణానో బొమ్మా బొరుసు వేసి తేల్చండి. మీరే ఎంచితే చెయ్యి హుషారైన పిల్ల మీదికే పోతుంది. చెవికి నంబరు వేయండి, నోటుబుక్కులో రాయండి.

పగలు అన్నీ కలిసే మేయాలి. సాయంత్రం దొడ్డిలో తడిక అడ్డంపెట్టి పది పిల్లలకే దాణా. 50 గ్రాములతో మొదలుపెట్టి పది రోజుల్లో మెల్లగా 200 గ్రాములకు తీసుకుపోండి, ఒక్కసారే దాణాలోని మక్కలు ఎక్కువ తింటే కడుపులో పులిసి పిల్ల చచ్చిపోవచ్చు. తడిక అవతల పిల్లలు అరుస్తుంటే మనసు ఊరుకోదు, అయినా పిడికెడు కూడా వేయొద్దు.

పదిహేను రోజులకోసారి తూచి, రెండు నెలలకు ఆపండి. మధ్యలో ఏ పిల్లయినా జబ్బుపడినా, చచ్చిపోయినా దాని జతను కూడా లెక్కలోంచి తీసేయండి. దాణా తిన్నవి ఎక్కువ పెరిగిన బరువుకు సంతలో వచ్చే ధర ఎంత, దాణా ఖర్చెంత, పక్కపక్కన రాయండి. పది జతల్లో ఎనిమిది తొమ్మిదింట్లో దాణా తిన్నదే ముందుంటే నమ్మొచ్చు. ఆరింట్లోనే ఉంటే ఇంకో పది జతలతో మళ్లీ చేయండి, అప్పటిదాకా బస్తాలు కొనొద్దు.