ఏ చెట్టుదో తెలియని కట్టె పొయ్యిలో పెట్టే ముందు

వానలు దగ్గర పడుతున్నాయంటే కట్టెలు పోగేసుకునే హడావిడి మొదలవుతుంది. గాలికి కూలిన చెట్టు, ఎవరో కొట్టి వదిలేసిన కొమ్మలు, పాత ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన దూలాలు, సరుకు దింపాక పారేసిన పెట్టెల చెక్కలు, ఏది కనిపిస్తే అది తెచ్చి పేర్చేస్తాం. అందులో సగం ఏ చెట్టువో మనకు తెలియదు. చాలామంది ముందు అడిగేది "ఇది బాగా మండుతుందా?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. "దీన్ని అసలు కాల్చవచ్చా?" అన్నది మొదట తేలాలి.

వేడి సంగతికొస్తే చెట్టు పేరు తెలియకపోయినా పెద్ద నష్టం లేదు. పూర్తిగా ఎండిన కట్టె ఏ జాతిదైనా కిలోకి ఇచ్చే వేడి దాదాపు ఒకటే, సుమారు 18 నుంచి 20 మెగాజౌల్స్. జిగురు ఎక్కువున్న జాతులు కాస్త ఎక్కువ ఇస్తాయి, అంతే. పేరు నిజంగా అవసరమయ్యేది విషం విషయంలో.

మనిషి చేతిలో పడిన చెక్కతోనే ఎక్కువ ప్రమాదం. చెదలు పట్టకుండా క్రోమియం, రాగి, ఆర్సెనిక్ కలిపిన మందు ఎక్కించిన చెక్క కొత్తలో లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఎండకూ వానకూ కొన్నేళ్లు ఉంటే ఆ రంగు పోయి మామూలు పాత చెక్కలా బూడిద రంగుకు తిరుగుతుంది. అప్పుడు కంటితో పోల్చుకోవడం కష్టం. అమెరికాలో ఇళ్ల పనులకు ఈ మందు వాడకాన్ని 2003 చివరికల్లా ఆపేశారు. అంతకు ముందు వేసిన కంచెలు, మెట్లు ఇప్పటికీ ఊడి బయటికొస్తూనే ఉన్నాయి. దీన్ని కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలో పోతుంది, మిగతాది బూడిదలో చేరుతుంది. ఆ బూడిద పాదుల్లో వేస్తే మట్టి పాడవుతుంది, పశువులు నాకితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే నేలలో పాతిన స్తంభాలు, ఆరుబయట ఏళ్ల తరబడి నిలిచిన చెక్క ఎక్కడిదో తెలియకపోతే పొయ్యి దాకా తేకండి.

నల్లగా, తారు వాసనతో ఉండే, రైలు పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు కూడా అంతే. పాత పెయింటులో సీసం ఉండొచ్చు. ప్లైవుడ్, పార్టికల్ బోర్డు జిగురుతో అతికించినవి, వాటి పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది. సరుకు రవాణాకు వాడే ప్యాలెట్ల మీద కాల్చి వేసిన ముద్ర ఉంటుంది. దాన్ని ఒకసారి చదవండి. హెచ్‌టీ (HT) అని ఉంటే వేడితో శుద్ధి చేసిందని, ఎంబీ (MB) అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించిందని అర్థం. ఎంబీ ముద్ర ఉన్నదాన్ని, ముద్రే లేనిదాన్ని వదిలేయండి. హెచ్‌టీ ముద్ర ఉన్నా, దాని మీద ఏదైనా ఒలికిన మరక కనిపిస్తే అదీ వద్దు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగల్లో ఉప్పు దిగి ఉంటుంది. అది ఇనప పొయ్యిని తినేస్తుంది, పొగలో విషపదార్థాలు తయారవడానికీ కారణమవుతుంది.

ఇక చెట్టులోనే విషం ఉన్నవి. గన్నేరు, పచ్చగన్నేరు పచ్చివైనా ఎండినవైనా విషమే, వాటి పొగ కూడా మంచిది కాదు. వాటి పుల్లను ఏదైనా గుచ్చి కాల్చడానికి అసలే వాడకూడదు. జెముడు జాతుల పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. మడ అడవుల్లో పెరిగే తిల్ల చెట్టు పాలూ అలాంటివే. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది, దాని పొగ సోకినా దద్దుర్లు వచ్చేవాళ్లున్నారు.

కొత్త కొమ్మ నరికినప్పుడు కోసిన చోటు ఒక నిమిషం ఆగి చూడండి, చేత్తో తాకకండి. తెల్లటి పాలు బొట్లు కడుతున్నాయా? లేక ఊరిన రసం గాలి తగిలి కాసేపటికి నల్లబడుతోందా? నల్లబడటం జీడి కుటుంబపు చెట్లలో కనిపించే గుర్తు. పాలు కారే ప్రతి చెట్టూ విషం కాదు, మర్రి, పనస కూడా పాలు కారతాయి. కానీ పేరు తెలియని చెట్టు పాలు కారితే దాన్ని పక్కన పెట్టడమే మేలు. నాలుగు కట్టెల కోసం కళ్లు పణంగా పెట్టనక్కర్లేదు. పాలు కంట్లో పడితే నలపకుండా కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చెట్టు ఇంకా నిలబడి ఉన్నప్పుడే ఆకు, కాయ, బెరడు ఫోటో తీసుకుంటే తెలిసినవాళ్లు పేరు ఇట్టే చెప్పేస్తారు. ముక్కలయ్యాక వాళ్లకూ కష్టమే.

ఈ గండం గడిచిన కట్టెకే విలువ కట్టాలి. అప్పుడు మొదట చూసేది తడి. పచ్చి కట్టెలో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లు ఆవిరి కావడానికి కొంత వేడి పోతుంది, అంతకంటే పెద్ద నష్టం మంట చల్లబడి కట్టె సరిగా కాలకపోవడం. కాలని పొగ గొట్టంలో జిడ్డు మసిగా పేరుకుంటుంది, ఏదో ఒక రోజు ఆ మసే అంటుకుంటుంది. తడి 20 శాతం లోపుకు వచ్చాకే వాడాలి.

ఎండిన రెండు పేళ్లు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా దబ్బుమంటాయి. చివర్లలో పగుళ్లు రావడం, బెరడు వదులవడం కూడా గుర్తులే, కానీ ఇవి పైపై గుర్తులు. సందేహం తీరాలంటే తూకం వేయాలి. పేడు మధ్యలోంచి 200 గ్రాముల ముక్క తీసి, సన్నగా చీల్చి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టండి. 150 గ్రాములకు వచ్చి ఆగిందంటే పోయిన నీళ్లు 50 గ్రాములు, అంటే ఆరబెట్టక ముందున్న బరువులో 25 శాతం తడి. తడిని కొలిచే మాయిశ్చర్ మీటర్ ఉంటే అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి, పైన గుచ్చితే అబద్ధం చెబుతుంది. మీటర్లు సాధారణంగా ఎండు కట్టె బరువు మీద లెక్క కడతాయి కాబట్టి ఇదే ముక్కకు 33 చూపించవచ్చు. మీటరు మీద 25 వస్తే మన లెక్కలో 20.

తర్వాత సాంద్రత. ఇది ఎండాకే చూడాలి, ఎందుకంటే పచ్చి బూరుగు మొద్దు ఎండిన తుమ్మ కంటే బరువుగా అనిపించి మోసం చేస్తుంది. ఎండిన ముక్క నుంచి చిటికెన వేలి మందాన, జానెడు పొడవున, మొదలు నుంచి చివర దాకా సమంగా ఉండే పుల్ల చెక్కండి. దాని మీద 10 సమభాగాలుగా గీతలు గీసి, సన్నటి పొడుగు గాజు జాడీలో నీళ్లు పోసి నిలువుగా వదలండి. నీళ్లు పీల్చుకోకముందే ఎన్ని భాగాలు మునిగాయో చూడాలి. 4 మునిగితే ఘనమీటరుకు సుమారు 400 కిలోలు, 8 మునిగితే 800. బూరుగు, మునగ లాంటివి 4 దగ్గరే ఆగుతాయి. వేప 7 అటూ ఇటూ ఉంటుంది. సరుగుడు, చింత 8 దాటుతాయి. 8 మునిగిన కట్టె ఒక మోపు, 4 మునిగిన కట్టె రెండు మోపులతో సమానం, నిప్పు కణికలు కూడా ఎక్కువసేపు నిలుస్తాయి. తేలికవి పారేయనక్కర్లేదు, మంట రాజేయడానికి అవే సుఖం.

కోసిన అడ్డు ముఖాన్ని పదునైన బ్లేడుతో నున్నగా చేసి, తడిపి, భూతద్దంలో చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలుంటే అది వెడల్పాకుల చెట్టు. రంధ్రాలే లేకుండా జిగురు వాసన వస్తుంటే పైన్, దేవదారు లాంటిది. అది త్వరగా అంటుకుంటుంది, మసి, నిప్పురవ్వలు ఎక్కువ.

చివరిగా ఒక చిన్న ముక్కను ఆరుబయట, పొగ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడి కాల్చి చూడండి. చివర్ల నుంచి సుయ్‌మంటూ నురగ వస్తే ఇంకా తడి ఉంది. పొగ గొంతు పట్టేస్తే ఆ రాశిని ఇంట్లోకి తేవద్దు. పాలు కారినవాటికి ఈ పరీక్ష కూడా వద్దు.

ఇంటి గోడకు ఆనించి పేర్చితే చెదలు దారి చేసుకుంటాయి. నేలకు కాస్త ఎత్తులో, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదలండి. వానాకాలంలో పాములూ తేళ్లూ పొడి చోటు వెతుక్కుంటూ అందులోకే వస్తాయి, కాబట్టి చేతికి గ్లోవ్స్, రాత్రయితే టార్చి లేకుండా కట్టె లాగొద్దు.

ఎంత మంచి కట్టె అయినా తలుపులు మూసిన గదిలో కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. పొగ కనిపించని ఎర్రటి కణికల నుంచీ వస్తుంది, అందుకే పడుకునే గదిలో నిప్పుల కుంపటి పెట్టకండి. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం మొదలైతే కట్టె సంగతి వదిలేసి ముందు అందరూ బయటికి వచ్చేయాలి, ఆ తర్వాత ఆసుపత్రికి.