మోనోలో పలచబడిన గిటార్

హెడ్‌ఫోన్‌లో ఎంతో విశాలంగా వినిపించిన నా మిక్స్‌ను ఫోన్‌లోని ఒంటి స్పీకర్‌లో పెట్టేసరికి, రిథమ్ గిటార్ గొట్టంలోంచి వస్తున్నట్టు పలచబడిపోయింది. కారణం వెతికితే, ఒకే టేక్‌ను (ఒకసారి వాయించిన రికార్డింగ్‌ను) కాపీ చేసి, ఒకదాన్ని ఎడమకు, 15 మిల్లీసెకన్ల ఆలస్యంతో మరొకదాన్ని కుడికి పంపిన నా నిర్వాకమేనని తేలింది. ఆ రెండూ మోనోలో, అంటే ఎడమ, కుడి రెండూ ఒకటైన ఛానెల్‌లో, కలిసినప్పుడు సుమారు 33 హెర్ట్జ్ దగ్గర మొదలుకొని, ఆపైన దాదాపు ప్రతి 67 హెర్ట్జ్‌కూ ఒకచోట ధ్వని రద్దవుతూ పోతుంది. దీన్నే కోంబ్ ఫిల్టరింగ్ అంటారు.

మొదట స్టీరియో వైడెనర్ (ధ్వనిని వెడల్పుగా వినిపించేలా చేసే సాధనం) వేసి చూశాను గానీ, అది సైడ్ సిగ్నల్‌నే, అంటే ఎడమ, కుడి ఛానెళ్ల మధ్య తేడానే పెంచింది. మోనోలో సైడ్ ఎలాగూ సున్నా అవుతుంది కనుక ఫలితం లేకపోయింది. చివరికి కాపీని తీసేసి, అదే భాగాన్ని మళ్లీ వాయించి రికార్డు చేసి, రెండు టేకులనూ చెరో వైపుకు పాన్ చేశాను. వాయింపులో సహజంగా దొర్లే చిన్న తేడాలే కావలసిన వెడల్పునిచ్చాయి (రెండో టేకులో ఒక స్ట్రోక్ తడబడింది, అలాగే ఉంచాను). సింథ్ ప్యాడ్‌కు (వెనకాల పరుచుకునే సింథసైజర్ ధ్వనికి) మాత్రం, మధ్య భాగాన్నీ సైడ్‌నూ విడివిడిగా సరిచేసే మిడ్-సైడ్ ఈక్యూతో 150 హెర్ట్జ్ దిగువన సైడ్‌ను కోసేశాను. బేస్, కిక్, గాత్రం మధ్యలోనే ఉన్నాయి. ఇప్పుడు మోనో బటన్ నొక్కితే గిటార్ కొంచెం తగ్గుతుందే తప్ప దాని రంగు మారడం లేదు.