కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొన్నారా, సిరిమానోత్సవానికి ముందే ఈ సెట్టింగ్స్ పెట్టుకోండి

కెమెరా రాగానే మెనూ అంతా తిరగేయొద్దండి, ముందు ఫైల్ క్వాలిటీని రా ప్లస్ జేపెగ్ (సెన్సర్ పట్టిన డేటా అంతా ఉండే రా ఫైలూ, మామూలు ఫోటో ఫైలూ రెండూ) చెయ్యండి, ఎందుకంటే విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండక్కి ఊరేగించే పొడవాటి సిరిమాను మీద పూజారి గారు అంత ఎత్తులో కూర్చుంటే వెనకాల ఆకాశం వెలుగుకి ఆయన మొహం నల్లగా పడిపోద్ది, రా ఫైల్ ఉంటే తర్వాత ఎడిటింగ్‌లో చాలావరకు వెనక్కి తెచ్చుకోవచ్చు.

మోడ్ అపర్చర్ ప్రయారిటీ, అంటే లెన్స్ ఎంత తెరవాలో మనం చెప్తే షట్టర్ స్పీడ్ కెమెరానే చూసుకుంటది. ఐఎస్ఓ (ఫోటో వెలుగుని ఎంత పెంచాలో చెప్పేది) ఆటో, పై లిమిట్ 6400, మినిమం షట్టర్ స్పీడ్ 1/500 సెకను. ఈ చివరిది మాత్రం మర్చిపోకండి, మొదటిసారి నేను దాన్ని వదిలేస్తే కెమెరా 1/60 తీసేసుకుంది, మాను కదులుతా ఉంది కదా, ఒక్క ఫోటో కూడా షార్ప్‌గా రాలేదు, మళ్ళీ ఏడాది దాకా ఆగాల్సొచ్చింది, ఇప్పటికీ బాధే.

ఫోకస్‌ని కదిలేవాటి వెంట పోయే కంటిన్యువస్‌లో ఉంచి చిన్న పాయింట్ వాడండి, ఆ జనంలో ఫేస్ డిటెక్షన్ వేరే ఎవరి మొహాన్నో పట్టేసుకుంటది. శీతాకాలం శ్రీకాకుళం జిల్లాలో వలస పక్షులొచ్చే తేలినీలాపురం వెళ్తే బర్డ్ డిటెక్షన్ ఉంటే ఆన్ చేసి, ఎగిరే గూడబాతులకి షట్టర్ 1/2000 పెట్టండి.

చప్పుడు లేకుండా తీసే సైలెంట్ షట్టర్ ఆఫ్ చెయ్యండి, లేకపోతే రాత్రి ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడతాయి. ఇంకో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే.