క్లౌడ్ లేకుండా కాంటాక్టులు, క్యాలెండర్ – మూడవ పాఠం: ఫోన్‌ను ఇంటి సర్వర్‌కు కలపడం

రెండవ పాఠం ముగిసేసరికి మీ కంప్యూటర్‌లో, కాంటాక్టులనూ క్యాలెండర్‌నూ దాచి మీ పరికరాలకు అందించే రాడికేల్ సర్వర్ 5232 అనే పోర్టు (నెట్‌వర్క్‌లో ఆ ప్రోగ్రాముకు కేటాయించిన ద్వారం సంఖ్య) మీద నడుస్తూ ఉండాలి. దానిలో పాస్‌వర్డ్‌తో కూడిన మీ ఖాతా, ఆ ఖాతా కింద ఒక ఖాళీ అడ్రస్‌బుక్, ఒక ఖాళీ క్యాలెండర్ సిద్ధమై ఉండాలి. కంప్యూటర్‌లోని ఈమెయిల్ ప్రోగ్రాము థండర్‌బర్డ్ ఆ రెండింటినీ చూడగలుగుతుంటే కంప్యూటర్ వైపు పని అయిపోయినట్టే. ఈ పాఠంలో ఆండ్రాయిడ్ ఫోన్‌ను కలుపుతాం. ఇందులో సగం పని ఫోన్ సెట్టింగులలో ఉంటుంది, మిగిలిన సగం మన పాత నంబర్లను చక్కదిద్దుకోవడంలో ఉంటుంది. రెండో సగాన్ని తొందరపడి దాటేసినవారికే తర్వాత ఒక్కొక్క పేరు రెండేసి, మూడేసి సార్లు కనిపిస్తుంది.

ముందుగా ఫోన్‌కు కంప్యూటర్ కనబడాలి. రాడికేల్ మామూలుగా తాను నడుస్తున్న యంత్రం నుంచి వచ్చే పిలుపులకు మాత్రమే బదులిస్తుంది కాబట్టి, దాని సెట్టింగుల ఫైలులో సర్వర్ విభాగం కింద హోస్ట్ చిరునామాను 0.0.0.0 గా, పోర్టును 5232 గా మార్చి, సర్వర్‌ను ఆపి మళ్ళీ ప్రారంభించండి. తర్వాత ఫోన్ బ్రౌజర్‌లో మీ కంప్యూటర్ చిరునామాను (ఇళ్ళలో ఇది ఎక్కువగా 192.168 తో మొదలవుతుంది), దాని పక్కన కోలన్ పెట్టి పోర్టు సంఖ్యను టైపు చేస్తే రాడికేల్ లాగిన్ పేజీ తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ 5232 పోర్టును అడ్డుకుంటున్నదేమో చూడండి.

బెంగళూరులో ఉండే పాఠకులకు ఇక్కడ ఇంకొక చిక్కు ఎదురు కావచ్చు. మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వంటి చోట్ల పీజీ హాస్టళ్ళలో అందరికీ కలిపి ఇచ్చే వైఫైలో, ఒకరి పరికరం మరొకరి పరికరానికి కనబడకుండా రౌటర్‌లోనే కట్టుదిట్టం చేసి ఉండవచ్చు. అది భద్రత దృష్ట్యా మంచి పనే అయినా, మీ ఫోన్‌కు మీ ల్యాప్‌టాప్ కూడా కనబడకుండా పోతుంది. అలాంటప్పుడు ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి, ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి సింక్ చేసుకోవడం (అంటే రెండు చోట్లా ఒకే సమాచారం ఉండేలా కలుపుకోవడం) ఉత్తమం. పైగా మనం ఇంకా గుప్తీకరణ లేని మామూలు హెచ్‌టీటీపీ మీదే నడుస్తున్నాం కనుక, పదిమంది వాడే వైఫైలో పాస్‌వర్డ్ పంపకపోవడమే మేలు. సొంత ఇంట్లో ఉన్నవారికి ఉండే సమస్య వేరు. కరెంటు పోయి వచ్చాక రౌటర్ మీ కంప్యూటర్‌కు కొత్త చిరునామా ఇస్తే ఫోన్ పాత చిరునామా దగ్గరే వెతుకుతూ ఉంటుంది. రౌటర్ సెట్టింగులలో ఆ కంప్యూటర్‌కు ఒకే చిరునామాను రిజర్వ్ చేస్తే ఈ బెడద తీరుతుంది.

ఇప్పుడు ఫోన్‌లో డావ్‌ఎక్స్5 అనే యాప్ పెట్టుకోండి. ప్లే స్టోర్‌లో దీనికి డబ్బు చెల్లించాలి, ఎఫ్‌-డ్రాయిడ్ అనే మరో యాప్‌ల స్టోర్‌లో ఇది ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌కు సొంతంగా కాల్‌డావ్ (క్యాలెండర్లను సర్వర్‌తో సింక్ చేసే పద్ధతి), కార్డ్‌డావ్ (కాంటాక్టులను సింక్ చేసే పద్ధతి) తెలియవు కాబట్టే ఈ యాప్ అవసరం. ఐఫోన్‌లో ఆ రెండు రకాల ఖాతాలూ సెట్టింగులలోనే ఉంటాయి. కాల్‌డావ్ ప్రమాణం 2007లో, కార్డ్‌డావ్ ప్రమాణం 2011లో వెలువడ్డాయి. ఇవి ఏ ఒక్క కంపెనీకీ చెందని ప్రమాణాలు కావడం వల్లనే వేర్వేరు చోట్ల తయారైన సర్వర్, యాప్, థండర్‌బర్డ్ ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకోగలుగుతున్నాయి.

యాప్‌లో కొత్త ఖాతా చేర్చేటప్పుడు చిరునామా, వాడుకరి పేరు ఇచ్చే పద్ధతిని ఎంచుకుని, బ్రౌజర్‌లో పనిచేసిన చిరునామానే ఇవ్వండి. గుంపుల పద్ధతి అడిగినప్పుడు ప్రతి కాంటాక్టులోనే వర్గం పేరు ఉంచే పద్ధతిని ఎంచుకోండి, రాడికేల్‌తో అదే కుదురుతుంది. ఖాతా తయారైన తర్వాత అడ్రస్‌బుక్, క్యాలెండర్ పక్కన టిక్కు పెట్టకపోతే ఏదీ సింక్ కాదు. సింక్‌ను ఇంటి వైఫై పేరుకే పరిమితం చేసే సెట్టింగు కూడా ఇందులో ఉంది. అది పెట్టకపోతే మీరు ఆఫీసులో ఉన్నప్పుడు కూడా ఫోన్ ఇంటి సర్వర్ కోసం వెతికి, దొరకలేదని చెబుతూ ఉంటుంది. ఈ సెట్టింగుకు లొకేషన్ అనుమతి అడుగుతుంది, అనుమానపడనక్కరలేదు: వైఫై పేరు తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో తెలిసినట్టేనని ఆండ్రాయిడ్ భావిస్తుంది కాబట్టి ఆ అనుమతి లేనిదే పేరు చెప్పదు.

ఇక అసలు పని. ఫోన్‌లో ఇదివరకే ఉన్న నంబర్లు వాటంతట అవి కొత్త ఖాతాలోకి రావు. కాంటాక్టుల యాప్ నుంచి అన్నిటినీ వీసీఎఫ్ ఫైలుగా (కాంటాక్టులను వీకార్డ్ అనే రూపంలో దాచే ఫైలు) ఎగుమతి చేసి, తిరిగి దిగుమతి చేసేటప్పుడు ఏ ఖాతాలోకి అని అడిగితే డావ్‌ఎక్స్5 అడ్రస్‌బుక్‌ను చూపించాలి. ఈ దిగుమతిని ఒక్కసారే చేయండి. సింక్ చేసే సాఫ్ట్‌వేర్ మనిషి పేరును బట్టి గానీ నంబరును బట్టి గానీ కాంటాక్టును గుర్తుపట్టదు, ప్రతి కార్డుకూ ఉండే యూఐడీ అనే విడి గుర్తును బట్టి గుర్తుపడుతుంది. ఆండ్రాయిడ్ కాంటాక్టుల యాప్ ఎగుమతి చేసే ఫైలులో సాధారణంగా ఆ గుర్తు ఉండదు. అందువల్ల దిగుమతి చేసిన ప్రతిసారీ కొత్త గుర్తులు పుట్టి, అదే సుబ్బారావుగారు మరొక మనిషిగా లెక్కలోకి వస్తారు. పొరపాటున రెండుసార్లు చేస్తే ఒక్కొక్కటీ తుడుస్తూ కూర్చోకుండా, అడ్రస్‌బుక్‌ను మొత్తం ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టడమే సులభం.

తెలుగులో పేర్లు రాసుకున్నవారు ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పేర్ల స్థానంలో సమానం గుర్తులూ, ఇంగ్లీషు అక్షరాలూ, అంకెలూ కలిసిన పొడవాటి వరుసలు కనిపించవచ్చు. ఫైలు చెడిపోలేదు. అనేక ఫోన్లు ఇప్పటికీ 1996 నాటి వీకార్డ్ 2.1 రూపంలోనే ఎగుమతి చేస్తాయి, ఆ రూపంలో తెలుగు అక్షరాలను ఇలా సంకేతాలుగా మార్చి రాస్తారు. ఫోన్‌లోకి దిగుమతి చేసేటప్పుడు అవి మళ్ళీ తెలుగుగా మారతాయి. నంబర్లన్నిటినీ +91 తో మొదలయ్యేలా మార్చుకోవడానికి కూడా ఇదే తగిన సమయం: 080 తో ఉన్న బెంగళూరు ల్యాండ్‌లైన్ +91 80 అవుతుంది, 040 తో ఉన్న హైదరాబాదు నంబరు +91 40 అవుతుంది. చివరగా, కాంటాక్టుల యాప్‌లో కొత్త నంబర్లు చేరే ఖాతాగా డావ్‌ఎక్స్5 నే ఉంచండి. లేదంటే రేపు మీరు చేర్చే నంబరు ఫోన్‌లోనే మిగిలిపోతుంది.

క్యాలెండర్ విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. పుట్టినరోజుల వంటివి రోజంతా ఉండే ఘట్టాలుగానే రాయండి, అర్ధరాత్రి పన్నెండు గంటలకు అని రాయకండి. గడియారంతో రాసిన ఘట్టం మన కాలమానానికి ముడిపడి ఉంటుంది కనుక, వేసవిలో న్యూజెర్సీలో ఉన్న మీ అమ్మాయి ఫోన్‌లో అది ముందు రోజు మధ్యాహ్నం రెండున్నరకు కనిపిస్తుంది.

రెండవది తిథులు. పండుగలు, తద్దినాలు ఏటా ఒకే తేదీన రావు: ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం పడడంతో 2027లో తిరిగి ఏప్రిల్ 7కు వెళుతుంది. క్యాలెండర్ యాప్‌లలోని ఏటా పునరావృతం అనే ఏర్పాటు ఇంగ్లీషు తేదీలనే లెక్కిస్తుంది. ఇతర కాలగణనలకు వీలు కల్పించే ప్రమాణం ఒకటి 2015లో వచ్చింది గానీ, మన తిథులకు దాని మీద ఆధారపడే పరిస్థితి లేదు. నా సలహా ఏమిటంటే, రాడికేల్‌లో తిథుల కోసం విడిగా ఒక క్యాలెండర్ తయారు చేసి, ఉగాదికి కొత్త పంచాంగం ఇంటికి రాగానే ఆ ఏడాదికి కావలసిన రోజులను పునరావృతం లేకుండా చేత్తో రాసుకోండి. తద్దినం తిథి ఏ రోజున పట్టాలనే సందేహం వస్తే పురోహితులను అడిగి రాయండి.

అంతా కలిసిందో లేదో ఇలా పరీక్షించండి. ఫోన్‌లో ఒక కాంటాక్టు చేర్చి సింక్ నొక్కితే, కంప్యూటర్‌లో రాడికేల్ నిల్వ ఫోల్డర్‌లో ఒక కొత్త వీసీఎఫ్ ఫైలు చేరాలి, ఎందుకంటే ఈ సర్వర్ ప్రతి కాంటాక్టునూ విడి ఫైలుగా దాస్తుంది. ఆ తర్వాత అదే కాంటాక్టును సింక్ జరగకముందే ఫోన్‌లో ఒక విధంగా, థండర్‌బర్డ్‌లో మరొక విధంగా మార్చి చూడండి. థండర్‌బర్డ్ మార్పు ముందుగా సర్వర్‌కు చేరితే, ఫోన్‌లో చేసిన మార్పు పోయి సర్వర్‌లోనిదే నిలుస్తుంది. కొట్టివేతలూ ఇలాగే అన్ని చోట్లకూ పాకుతాయి: ఫోన్‌లో తుడిచిన నంబరు సర్వర్‌లోనూ, కంప్యూటర్‌లోనూ పోతుంది.

కాబట్టి నాలుగవ పాఠంలో నిల్వ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ చేసుకోవడం నేర్చుకుంటాం. అప్పటిదాకా దిగుమతి చేసిన పాత వీసీఎఫ్ ఫైలును తుడిచేయకుండా కంప్యూటర్‌లో వేరే ఫోల్డర్‌లో ఉంచండి.